ధావన్ వెళ్ళాడు, అభిషేక్ వచ్చాడు

2018 నవంబరులో సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు తన ఓపెనర్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి, బదులుగా ముగ్గురిని తెచ్చుకుంది. ఆల్‌రౌండర్ విజయ్ శంకర్, ఎడమచేతి స్పిన్నర్ షాబాజ్ నదీమ్, పంజాబ్ కుర్రాడు అభిషేక్ శర్మ. ధావన్‌కు అప్పటికి ముప్ఫై మూడేళ్ళు నిండబోతున్నాయి. అభిషేక్‌కు పద్దెనిమిది నిండి రెండు నెలలు. ఆ ఏడాది వేలంలో ధావన్ ధర 5.2 కోట్ల రూపాయలు. విజయ్ శంకర్, నదీమ్ చెరో 3.2 కోట్లు పలికారు. అభిషేక్ ధర 55 లక్షలు.

మరుసటి వేసవిలో ధావన్ ఢిల్లీ తరఫున 521 పరుగులు చేశాడు. 2019 మే 8న ఎలిమినేటర్ మ్యాచ్ విశాఖపట్నంలో జరిగింది. మా అనకాపల్లి జిల్లా ఉప్మాక నుంచి జాతీయ రహదారి ఎక్కితే ఇంచుమించు రెండు గంటల దారి. తెలుగు జట్టు ప్లేఆఫ్ ఆట తెలుగు గడ్డ మీదే చూసే అవకాశం అలా మన పక్కకు వచ్చింది. ఆ రాత్రి సన్‌రైజర్స్ ఢిల్లీ చేతిలోనే రెండు వికెట్ల తేడాతో ఓడి ఇంటిదారి పట్టింది. 2020లో ధావన్ 618 పరుగులు చేశాడు. వరుసగా రెండు మ్యాచ్‌లలో శతకాలు కొట్టాడు, ఐపీఎల్‌లో అంతకుముందు ఎవరూ చేయని పని అది. ఆ ఏడాది నవంబరు 8న అబుదాబీలో రెండో క్వాలిఫయర్‌లో మళ్ళీ సన్‌రైజర్స్‌నే 78 పరుగులతో దెబ్బతీశాడు. 2021లో 587. మూడు సీజన్లు కలిపితే 1,726 పరుగులు. అదే మూడు సీజన్లలో సన్‌రైజర్స్ తరఫున అభిషేక్ చేసినవి అన్నీ కూడినా రెండు వందలు దాటలేదు. 2021 చివర ఈ లావాదేవీకి మార్కులు వేయమంటే హైదరాబాద్‌కు ఎవరూ పాస్ మార్కులు కూడా వేసి ఉండరు.

2022లో అభిషేక్ 426 పరుగులు చేశాడు. 2024లో 484, అదీ బంతికి రెండు పరుగుల కన్నా ఎక్కువ వేగంతో. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్ స్టేడియంలో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టాడు. ఐపీఎల్‌లో అప్పటికి భారతీయుడి అత్యధిక స్కోరు అది. ధావన్ అప్పటికి ఆట నుంచే తప్పుకున్నాడు. ఇప్పుడు మార్కులు వేసేవాళ్ళు కలాన్ని అటు నుంచి ఇటు తిప్పుతారు.

లావాదేవీ ఒక్కటే. ఏ తేదీన చూశామన్నదాన్ని బట్టి తీర్పు మారింది. ఆటగాడి విలువ ఎక్కడ శిఖరానికి చేరుతుంది, ఆ శిఖరం మీద ఉండగా వదులుకోవాలా, ఉంచుకోవాలా అన్న ప్రశ్నకు ఒక సూత్రం దొరికితే బాగుండునని ఆటల లెక్కలు వేసేవాళ్ళు నూరేళ్ళకు పైగా తంటాలు పడుతున్నారు. నక్కపల్లి, ఉప్మాక వైపు టీ కొట్ల దగ్గర ఈ వాదన వస్తే అది ఇలా సాగుతుంది.

“మావయ్యా, ధావన్ని వదిలీడం తప్పే గదా?”

“ఇప్పుడు సూసి సెప్పమంటే నానూ సెప్తాన్రా. ఆ రోజున సెప్పు, ఆ రోజున!”

ఆ మావయ్య మాటలోనే శాస్త్రం సగం ఉంది. ఈ అధ్యాయం పొడుగునా మనం చేయవలసింది ఆ రోజున నిలబడి చూడటమే.

ఈ వాదన బాగా ముదిరింది అమెరికా బేస్‌బాల్‌లో. అక్కడ వేలాలు ఉండవు. జట్లు ఒకదానితో ఒకటి నేరుగా ఆటగాళ్ళను మార్చుకుంటాయి. గత శతాబ్దపు మేటి నిర్వాహకుడు బ్రాంచ్ రికీ పేరు మీద ఒక నియమం చెలామణీలో ఉంది. ఆటగాణ్ణి వదలాలంటే ఏడాది ఆలస్యం చేయడం కన్నా ఏడాది ముందే వదలడం మేలని. దాన్ని వేదవాక్యంగా నమ్మినవాళ్ళున్నారు, నమ్మి దెబ్బతిన్నవాళ్ళూ ఉన్నారు. సిన్సినాటి జట్టు 1965 డిసెంబరులో ఫ్రాంక్ రాబిన్సన్‌ను బాల్టిమోర్‌కు ఇచ్చేసింది. ముప్ఫై ఏళ్ళవాడైనా వయసు మళ్ళిన ముప్ఫై అని యాజమాన్యం సమర్థించుకుంది. మరుసటి ఏడాది రాబిన్సన్ బ్యాటింగ్ సగటులో, హోమ్‌రన్‌లలో, కొట్టి రాబట్టిన పరుగులలో మూడింటా లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. బాల్టిమోర్‌ను చాంపియన్ చేశాడు. అతని 49 హోమ్‌రన్‌లు సిన్సినాటి అభిమానుల్ని ఏళ్ళ తరబడి వెంటాడాయి.

మన ధావన్ కథకు అచ్చంగా సరిపోయే ముచ్చట 1987 ఆగస్టులో జరిగింది. డెట్రాయిట్ జట్టుకు ఆ ఏడాదే గెలవాలన్న పట్టుదల. అట్లాంటా నుంచి 36 ఏళ్ళ పిచర్ డాయిల్ అలెగ్జాండర్‌ను తెచ్చుకుని, పెద్ద లీగ్‌లో ఇంకా ఒక్క బంతీ వేయని ఇరవై ఏళ్ళ జాన్ స్మోల్ట్జ్‌ను ఇచ్చింది. అలెగ్జాండర్ మొదలుపెట్టిన 11 మ్యాచ్‌లలో తొమ్మిది అతని ఖాతాలో గెలుపులు, ఓటమి ఒక్కటీ లేదు. డెట్రాయిట్ తన డివిజన్ గెలిచింది. స్మోల్ట్జ్ అట్లాంటాలో ఇరవై ఏళ్ళు ఆడి 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. డెట్రాయిట్ చేసింది తప్పని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. ఆ జట్టు ఆ ఏడాది గెలుపును కొనుక్కుంది, దాన్ని ఇంటికి తీసుకెళ్ళింది. ధర ఎక్కువైంది, అంతే.

అసలు శిఖరం అనే మాటతో మనం రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తున్నాం. ఈ రెంటినీ విడదీసి చూడటం అనకాపల్లి జిల్లా చెరకు రైతుకు తెలుసు. చెరకు పక్వానికి రావడం ఒక సంగతి, బెల్లం మార్కెట్‌లో ధర పలకడం మరో సంగతి. పక్వాన్ని కొలవవచ్చు. లేత గడలో మొదలు తియ్యగా, కొస చప్పగా ఉంటుంది. ముదిరే కొద్దీ కొసలోకి కూడా చక్కెర చేరి తేడా తగ్గుతుంది. చేతిలో పట్టే బ్రిక్స్ మీటరు మీద మొదటి నుంచి ఒక చుక్క, కొస నుంచి ఒక చుక్క వేసి చూస్తే, రెండు అంకెలూ దాదాపు సమానమైనప్పుడు గడ పండినట్టు. ఆ తర్వాత కూడా పొలంలో నిలబెడితే చక్కెర విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజుగా మారుతుంది, బెల్లం గట్టిగా అచ్చు కట్టదు. అనకాపల్లి పరిశోధన స్థానంలో నూరేళ్ళుగా చెరకు మీద పని జరుగుతోంది కాబట్టి ఈ సంగతులు రైతుదాకా వచ్చాయి. కానీ గడ పండిన రోజునే ధర కూడా శిఖరాన ఉండాలని లేదు. అందరి చెరకూ ఒకేసారి పండి, దిమ్మలన్నీ ఒకేసారి మార్కెట్‌కు వస్తే ధర దిగుతుంది.

ఆటగాడి విషయంలో సామర్థ్యం పక్వం లాంటిది, వేలం ధర మార్కెట్ లాంటిది. ఇక్కడున్న కష్టమల్లా ఆ చిన్న మీటరు లేకపోవడమే. గడ కోయకుండానే ఒక చుక్కతో తేల్చుకోగల రైతుకున్న వెసులుబాటు జట్టు యజమానికి లేదు. అతని చేతిలో ఉన్నవి పోయిన సీజన్ అంకెలు. ఆ అంకెల్లో సామర్థ్యం ఎంత, అదృష్టం ఎంత అన్నది విడివిడిగా రాసి ఉండదు.

ఉమ్రాన్ మాలిక్‌ను తీసుకుందాం. గంటకు 150 కిలోమీటర్లు దాటే వేగం ఉన్న ఈ జమ్మూ కుర్రాణ్ణి 2022 పెద్ద వేలానికి ముందు సన్‌రైజర్స్ 4 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఆ సీజన్‌లో 14 మ్యాచ్‌లలో 22 వికెట్లు తీశాడు. గుజరాత్ మీద ఒక్క మ్యాచ్‌లోనే ఐదు. ఆ వేసవి చివర అతని విలువ ఎంత చెబితే అంత. 2023లో 8 మ్యాచ్‌లు ఆడి 5 వికెట్లు. 2024లో ఒకే ఒక్క మ్యాచ్. ఆ తర్వాతి వేలంలో కోల్‌కతా అతన్ని 75 లక్షలకు తీసుకుంది.

ఇది ఒక కుర్రాడి పతనం కథగా చదవడం అన్యాయం. గాయాలు ఉన్నాయి, కెప్టెన్లు అతన్ని వాడిన తీరు ఉంది. వాటి కన్నా ముందు సాదాసీదా గణితం ఒకటి ఉంది. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తులు, పిల్లల ఎత్తులు పక్కపక్కన పెట్టి చూశాడు. బాగా పొడుగైనవాళ్ళ పిల్లలు పొడుగే, కానీ తల్లిదండ్రులంత కాదు. బాగా పొట్టివాళ్ళ పిల్లలు పొట్టే, కానీ అంత పొట్టి కాదు. రెండు వైపుల నుంచీ సగటు వైపు ఒక జరుగుడు. కొలిచిన ప్రతి ఫలితంలోనూ నిలకడగా ఉండే భాగం ఒకటి, ఆ పూటకు కలిసొచ్చిన భాగం ఒకటి ఉన్నప్పుడల్లా ఈ జరుగుడు కనిపిస్తుంది. 22 వికెట్లు తీసిన సీజన్‌లో బ్యాట్ అంచు తగిలిన బంతి ఫీల్డరు చేతిలోనే పడి ఉంటుంది, గాలిలో లేచిన షాట్లు బౌండరీ లోపలే దిగి ఉంటాయి. వచ్చే ఏడాది అవన్నీ అలాగే జరగాలని లేదు. ఉమ్రాన్ సామర్థ్యం ఏమీ తగ్గకపోయినా వికెట్లు తగ్గేవే.

కాబట్టి శిఖరాన అమ్మమనే పేరుపొందిన సలహాను కొంచెం సవరించాలి. సామర్థ్యం శిఖరాన ఉన్నప్పుడు అమ్మమనడం కాదు, ఫలితం సామర్థ్యాన్ని మించిపోయినప్పుడు అమ్మమనడం సరైనది. ఇవి రెండూ ఒకే రోజున రానక్కర్లేదు. ఏ అంకెలు నిలుస్తాయో, ఏవి జారిపోతాయో తెలుసుకుంటే ఆ తేడా కొంతవరకైనా పట్టుకోవచ్చు. ఉమ్రాన్‌లో వేగం నిలిచే గుణం. అది శరీరంలో ఉంది, ప్రతి బంతికీ కొలతకు దొరుకుతుంది. వికెట్ల సంఖ్య జారే గుణం. 2022లో సైతం అతను ఓవరుకు తొమ్మిది పరుగులు ఇచ్చాడన్న సంగతి ఆ 22 వెనక దాగిపోయింది.

ఇదే గణితం తిరగబడి పనిచేసిన సందర్భం తెలుగు అభిమానులకు ఇంకా నొప్పిగానే ఉంటుంది. డేవిడ్ వార్నర్. 2014లో వచ్చాడు. 2015, 2017, 2019 సీజన్లలో లీగ్ మొత్తం మీద అత్యధిక పరుగులు అతనివే. 2016లో 848 పరుగులు చేసి, కెప్టెన్‌గా కప్పు తెచ్చాడు. 2021లో 8 మ్యాచ్‌లలో 195 పరుగులే వచ్చాయి. సీజన్ మధ్యలో కెప్టెన్సీ పోయింది, తర్వాత జట్టులో చోటూ పోయింది. ఆ ఏడాది చివర జట్టు అతన్ని వదిలేసింది.

ఎనిమిది ఇన్నింగ్స్ అంటే ఎంత సమాచారం? బ్యాటర్ స్కోర్లలో ఒడిదుడుకులు చాలా ఎక్కువ. స్థూలంగా సగటు ఎంతో, స్కోర్ల విస్తరణ కూడా అంత ఉంటుంది. నిజమైన సగటు 40 ఉన్న బ్యాటర్ అనుకుంటే, ఎనిమిది ఇన్నింగ్స్ సగటులో దొర్లే తేడా 40ని ఎనిమిది వర్గమూలంతో భాగిస్తే వచ్చేది, అంటే ఇంచుమించు 14. అతని సామర్థ్యం ఇసుమంత తగ్గకపోయినా ఆ ఎనిమిది ఆటల సగటు 26కీ 54కీ మధ్య ఎక్కడైనా పడవచ్చు. మూడింట ఒక వంతు సందర్భాల్లో ఆ హద్దులు కూడా దాటుతుంది. వార్నర్ సగటు ఆ ఏడాది 24 దాటింది. అంటే ఆ అంకె ఒక్కటే చూస్తే అతను క్షీణించాడని చెప్పడానికి చాలదు. అతని పరుగుల వేగం కూడా తగ్గిందన్నది నిజం, దాన్ని నేను తోసిపుచ్చను. కానీ అదే 2021 నవంబరులో టీ20 ప్రపంచకప్‌లో 289 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు. 2022 వేలంలో ఢిల్లీ 6.25 కోట్లకు తీసుకుంటే ఆ సీజన్‌లో 432, మరుసటి ఏడాది 516 పరుగులు ఇచ్చాడు. శిఖరాన అమ్మడం గురించి ఇంత చర్చ చేస్తాం గానీ, లోయలో అమ్మడం వల్ల జట్లు పోగొట్టుకున్నదే ఎక్కువని నా అభిప్రాయం. శిఖరాన ఉన్నవాణ్ణి ఉంచుకుంటే నష్టం మెల్లగా వస్తుంది. లోయలో ఉన్నవాణ్ణి వదిలితే నష్టం మరునాడే ఎదుటి జట్టు చొక్కా వేసుకుని మైదానంలోకి దిగుతుంది.

వయసు సంగతి చూద్దాం. బిల్ జేమ్స్ 1980లలో బేస్‌బాల్ ఆటగాళ్ళ అంకెలన్నీ కూడి, హిట్టర్ల శిఖరం సుమారు 27 ఏళ్ళ దగ్గర ఉంటుందని తేల్చాడు. అంతకుముందు అది ఇంకా ఆలస్యంగా వస్తుందనుకునేవారు. ఆ పొరపాటు ఎలా వచ్చిందో గమనించాలి. ముప్ఫై అయిదేళ్ళ ఆటగాళ్ళందరి సగటు తీస్తే బాగానే కనిపిస్తుంది. ఎందుకంటే ముప్ఫై అయిదుదాకా ఆడనిచ్చేది మేటివాళ్ళనే. క్షీణించినవాళ్ళు ఆ లెక్కలోకే రారు, వాళ్ళు ఇళ్ళ దగ్గర ఉన్నారు. అందుకని ఇప్పుడు విశ్లేషకులు వేర్వేరు వయసుల గుంపుల్ని పోల్చకుండా, అదే ఆటగాణ్ణి ఒక ఏడాది నుంచి మరో ఏడాదికి పోల్చి, ఆ తేడాలన్నీ కూడతారు. అందులోనూ ఒక చిక్కు మిగులుతుంది. దురదృష్టంతో ఒక ఏడాది చెడిన వాడికి మరో ఏడాది ఆడే అవకాశం ఇవ్వకపోతే, అతను తేరుకునే సంగతి లెక్కకు అందదు.

ఆటలో పనిని బట్టి కూడా శిఖరం జరుగుతుంది. కండబలం, వేగం మీద బతికే ఫాస్ట్ బౌలరు ముందుగా తగ్గుతాడు, బుర్రతో వేసే స్పిన్నరు ఆలస్యంగా. భువనేశ్వర్ కుమార్ లాంటి స్వింగ్ బౌలరు నడుమ ఎక్కడో ఉంటాడు. 2016, 2017లలో లీగ్‌లో అత్యధిక వికెట్లు తీసిన భువనేశ్వర్‌ను సన్‌రైజర్స్ పదకొండేళ్ళ తర్వాత వదిలేస్తే, 35 ఏళ్ళ వయసులో 2025లో బెంగళూరుకు 17 వికెట్లు తీసి ఆ జట్టు తొలి కప్పులో భాగమయ్యాడు. వయసు రేఖ సగటు మనిషి గురించి చెబుతుంది. మన ముందు నిలబడ్డవాడు ఒక్క మనిషి. ధావన్ 33 నుంచి 35 ఏళ్ళ మధ్య అందరి అంచనాలనూ దాటాడు. ఆ వయసులో అతను తగ్గుతాడని 2018లో హైదరాబాద్ అనుకుంటే దాన్ని తప్పుపట్టలేం. సగటు రేఖ చెప్పేది అదే.

గణితం చదువుకున్నవాళ్ళు ఇక్కడ మరో సూత్రం గుర్తుచేస్తారు. వరుసగా వచ్చే అభ్యర్థుల్లో అందరికన్నా మంచివారిని ఎంచుకోవాలంటే మొదటి 37 శాతం మందిని చూసి వదిలేసి, ఆ తర్వాత వాళ్ళందరి కన్నా మెరుగైనవారు కనిపించగానే ఆగాలి. అందమైన సిద్ధాంతం, ఇక్కడ పనికిరాదు. అది అభ్యర్థులు ఏ వరుసలోనైనా వచ్చే అవకాశం సమానంగా ఉందని అనుకుంటుంది. ఆటగాడి సంవత్సరాలు అలా రావు. ఇరవై నాలుగో ఏడు ఇరవై మూడో ఏటి తర్వాతే వస్తుంది, దాని మీద ఆధారపడి వస్తుంది.

ఈ మొత్తం చర్చలో ఎక్కువమంది మరిచేది ఒకటుంది. అమ్మాలంటే కొనేవాడు ఉండాలి. ఇతని శిఖరం ఇదే, రేపటి నుంచి దిగుడే అని అందరికీ తెలిస్తే శిఖరం ధర ఎవరు ఇస్తారు? ఎదుటివాడు మనకన్నా తెలివితక్కువ అయితేనే మనకు లాభం అనుకునే జట్టు ఎక్కువకాలం లాభపడదు. నిజమైన మంచి లావాదేవీలు ఆటగాడి భవిష్యత్తు గురించి భిన్నాభిప్రాయం మీద జరగవు. ఇద్దరి అవసరాలు వేరుగా ఉండటం వల్ల జరుగుతాయి.

2018 నవంబరుకు మళ్ళీ వెళ్దాం, ఆ రోజున నిలబడి చూద్దాం. సన్‌రైజర్స్‌కు ఏడాది నిషేధం ముగించుకుని వార్నర్ తిరిగి రాబోతున్నాడు. అతనూ ఓపెనరే. ఆ డిసెంబరు వేలంలో 2.2 కోట్లకే జానీ బెయిర్‌స్టో దొరికాడు. 2019 మార్చి 31న వార్నర్, బెయిర్‌స్టో కలిసి బెంగళూరు మీద తొలి వికెట్టుకు 185 పరుగులు జోడించారు, ఇద్దరూ శతకాలు కొట్టారు. వార్నర్ ఆ సీజన్‌లో 692, బెయిర్‌స్టో 445. ధావన్ ఉండి ఉంటే వాళ్ళిద్దరిలో ఒకరు కింద దిగాలి. అంటే ధావన్ చేసిన 521 పరుగులు ఢిల్లీకి పూర్తిగా కొత్త పరుగులు. హైదరాబాద్‌కు మాత్రం, ఉంచుకున్నా అదనంగా వచ్చేవి అందులో కొన్నే. శ్రేయస్ అయ్యర్, రిషభ్ పంత్, పృథ్వీ షా వంటి కుర్రాళ్ళతో నిండిన ఢిల్లీకి ఒక పెద్ద తల అవసరం. ధావన్ స్వస్థలమూ ఢిల్లీయే. ఈ లావాదేవీలో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, ఇద్దరూ ఆ రోజుకు తమకు కావలసింది తీసుకున్నారు.

అయితే అభిషేక్ లెక్క ఎక్కడ వేయాలి? ఐపీఎల్ ఒప్పందాలకు గడువు ఉంటుంది. 2018, 2022, 2025 పెద్ద వేలాల్లో జట్లన్నీ కొద్దిమందిని మినహాయించి అందరినీ వదలాలి. 2018 చివర తెచ్చిన ఏ ఆటగాడైనా మూడు సీజన్ల సరుకే. ఆ మూడింటిలో అభిషేక్ ఇచ్చింది రెండు వందల లోపు పరుగులని చూశాం. 2022 వేలంలో అతను అందరికీ అందుబాటులోకి వచ్చాడు. సన్‌రైజర్స్ 6.5 కోట్లు పెట్టి మళ్ళీ కొనవలసి వచ్చింది. కాబట్టి 2022 తర్వాతి పరుగుల్ని ధావన్ మార్పిడి ఖాతాలో నేరుగా రాయడం లెక్కల ప్రకారం చెల్లదు. ఆ మార్పిడిలో హైదరాబాద్‌కు దక్కినది పరుగులు కాదు, ఎరుక. మూడేళ్ళు నెట్స్‌లో ఒక కుర్రాణ్ణి రోజూ చూడటం, ఎలాంటి బంతికి జంకుతాడో, ఓడిన మర్నాడు ఎలా ఉంటాడో తెలియడం. బయటి జట్ల చేతిలో అతని తక్కువ స్కోర్లు మాత్రమే ఉన్నప్పుడు లోపలివాళ్ళ చేతిలో ఇంకేదో ఉంది. 55 లక్షలవాడికి 6.5 కోట్లు పెట్టే ధైర్యం అక్కడి నుంచి వచ్చిందని నేను నమ్ముతున్నాను.

ఆ ఎరుక చేతిలో ఉండి కూడా జారవిడుచుకున్న సంగతి చెప్పుకోకుండా ఈ అధ్యాయం పూర్తికాదు. రోహిత్ శర్మ తల్లిది విశాఖపట్నం. 2008లో దక్కన్ చార్జర్స్ అతన్ని ఏడున్నర లక్షల డాలర్లకు తీసుకుంది. మూడు సీజన్లలో 404, 362, 404 పరుగులు. 2009లో కప్పు గెలిచిన జట్టులో అతను కీలకం, ముంబై మీద బౌలింగ్‌లో హ్యాట్రిక్ కూడా తీశాడు. 2011 వేలానికి ముందు నలుగురి దాకా అట్టిపెట్టుకునే వీలుంటే చార్జర్స్ ఒక్కరినీ ఉంచుకోలేదు. ముంబై రోహిత్‌కు 20 లక్షల డాలర్లు పెట్టింది. అతనికి అప్పుడు 23 ఏళ్ళు. తర్వాత అతని కెప్టెన్సీలో ముంబై అయిదు కప్పులు గెలిచింది. చార్జర్స్ 2012 తర్వాత లేకుండాపోయింది. ఇక్కడ వెనక్కి తిరిగి చూసి చెబుతున్నానని మావయ్య నన్ను ఆపలేడు. 23 ఏళ్ళు, మూడేళ్ళ నిలకడ, ఆటలో ఎదుగుదల. ఈ మూడూ ఆ రోజున కూడా బల్ల మీద ఉన్నాయి.

విలువ, ధర, సరుకు అని ఇన్ని పేజీలు రాస్తూ వచ్చినా, వాటి కింద ఉన్నది మనుషుల జీవితాలు. 1969లో సెయింట్ లూయీ బేస్‌బాల్ జట్టు పన్నెండేళ్ళు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ను అడగకుండానే ఫిలడెల్ఫియాకు మార్చేసింది. నేను వెళ్ళనని ఫ్లడ్ కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. అతని ఆటజీవితం ఆ పోరాటంలోనే కరిగిపోయింది. కానీ అతను తెరిచిన వాదన ఆగలేదు. 1970ల నడుమ నుంచి బేస్‌బాల్ ఆటగాళ్ళకు కొన్నేళ్ళ సేవ తర్వాత తమ జట్టును తామే ఎంచుకునే హక్కు దక్కింది. ఐపీఎల్‌లో మార్పిడికి ఆటగాడి ఒప్పుదల కావాలన్న నియమం ఉంది. ఆ ఒప్పుదలకు ఒకడు ఎంత ఖర్చు పెట్టాడో ఫ్లడ్‌ను చదివితే తెలుస్తుంది.

ఇప్పుడు మన పక్క ఊరి కుర్రాడి దగ్గరికి వద్దాం. విశాఖపట్నం నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకు తెచ్చుకుంది. 2024లో 303 పరుగులు చేసి ఆ సీజన్ వర్ధమాన ఆటగాడి బహుమతి అందుకున్నాడు. 2025కు జట్టు 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఈలోగా 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి 114 పరుగులు చేశాడు, ఇరవై ఒక్క ఏళ్ళకే. 2025 ఐపీఎల్‌లో 182 పరుగులే వచ్చాయి. అంతకుముందు జనవరిలో పక్కటెముకల దగ్గర కండరం పట్టేసి ఆటకు దూరమయ్యాడు, ఐపీఎల్‌లో బౌలింగ్ దాదాపు చేయలేదు.

శిఖరాన అమ్మాలనేవాళ్ళు 2024 చివరే అమ్మి ఉండాల్సిందంటారు. ఆ 303ను విప్పి చూడండి. పంజాబ్ మీద 64, రాజస్థాన్ మీద అజేయంగా 76. ఈ రెండు ఇన్నింగ్స్‌లోనే 140 పరుగులు, దాదాపు సగం. మిగతా మ్యాచ్‌లన్నీ కలిపి 163. కాబట్టి 303లో కొంత కలిసొచ్చినదే, అది తగ్గక తప్పదు. అదే తూకంతో 182ను కూడా విప్పాలి. గాయం ఉంది, బౌలింగ్ లేని ఆల్‌రౌండర్ సగం ఆటే ఆడుతున్నాడు, బ్యాటింగ్ వరుసలో ముందు దిగే ఓపెనర్లు అభిషేక్, ట్రావిస్ హెడ్ కొడితే అతనికి మిగిలే బంతులు తక్కువ, వాళ్ళు ఔటైతే వచ్చే ఒత్తిడి ఎక్కువ. నిలిచే గుణాలు ఏమిటని అడిగితే, ఫాస్ట్ బౌలింగ్‌ను ఎదుర్కొనే తీరు మెల్‌బోర్న్‌లో అయిదు రోజుల ఆటలో కనిపించింది. అది ఒక వేసవి లెక్కతో చెరిగిపోయేది కాదు. 2025లో అతనికి 22 ఏళ్ళు, సగటు వయసు రేఖ మీద ఇంకా ఎక్కవలసిందే మిగిలి ఉంది. భారతీయుడై, ఫాస్ట్ బౌలింగ్ చేయగల బ్యాటర్లు దేశంలోనే వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

2025లో మొదలైన ఒప్పందాల చక్రంలో ఆట ఇంకా మిగిలి ఉంది. వదలడం గురించి ఆలోచించే ముందు సన్‌రైజర్స్ తేల్చుకోవలసింది అతని బ్యాటింగ్ సగటు కాదు. నాలుగు ఓవర్లు వేయగలిగే స్థితికి అతని వెన్ను, పక్కటెముకలు వచ్చాయా అన్నది. ఆ సమాచారం జట్టు వైద్యుల దగ్గర, బౌలింగ్ కోచ్ దగ్గర ఉంటుంది, కొనడానికి వచ్చే జట్టు దగ్గర ఉండదు. వచ్చాయంటే అతన్ని 182 పరుగుల ధరకు ఇవ్వడం వార్నర్ పొరపాటును మళ్ళీ చేయడమే. రాలేదంటే, మెల్‌బోర్న్ శతకం జ్ఞాపకం కొనేవాళ్ళ మనసులో ఇంకా పచ్చగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి, అతన్ని అడిగి, అతను ఒప్పుకుంటేనే.